మా రోజుల్లో రాక్షసుడికి ఇంటిపేరుండేది

మా రోజుల్లో రాక్షసుడంటే ఊరూపేరూ లేనివాడు కాదు. వాడి తల్లెవరు, తండ్రెవరు, ఏం తపస్సు చేశాడు, ఏ వరం అడిగాడు, ఆ వరంలో ఏ సందు వదిలేశాడు, చచ్చాక ఎక్కడికి పోయాడు, ఇవన్నీ చెబితేగాని కథ చెప్పినట్టు లెక్క కాదు. ఇప్పుడు మా ఇంట్లోనే చూస్తున్నాను, పిల్లలు పూటకి వందమంది రాక్షసుల్ని చంపుతున్నారు. వాళ్ళలో ఒక్కడి తల్లి పేరు చెప్పరా అంటే తెల్లమొహం వేస్తారు. ఆడుతున్నారని నాకు కోపం లేదు. ఎవణ్ణి చంపుతున్నామో అడగడం మానేశారని కోపం.

మా మనవడు విజయనగరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. దసరా సెలవులకి ఊరొస్తే రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటాడు. పక్కన కూర్చుని చూశాను. తెర మీద ఎర్రటి చీకటి. కొమ్ములున్న ఆకారాలు గుంపులుగా మీద పడుతుంటే వీడి మనిషి కత్తి తిప్పుతున్నాడు. పడినవాడు పడినచోటే నాలుగు బంగారు నాణేలు రాల్చి మాయమైపోతున్నాడు. పెద్దవాడెవడైనా వస్తే తెర పైన ఒక ఎర్రగీత కనిపిస్తుంది. ఆ గీత అరిగిపోతే వాడి పని అయిపోయినట్టు.

"ఎవడ్రా వీడు?" అన్నాను.

"డీమన్, తాతా."

"అది తెలుస్తూనే ఉంది. ఎవడి కొడుకు?"

"ఎవడి కొడుకేటి తాతా? వీడు లెవెల్ ముప్పై. నిప్పుతో కొడితే సావడు, మంచుతో కొట్టాల."

వాడికి కావలసింది అంతవరకే. ఎలా చస్తాడో తెలిస్తే చాలు, ఎలా పుట్టాడో అక్కర్లేదు.

అయినా కూర్చోబెట్టి అడిగితే శ్రద్ధగానే చెప్పాడు. వాడు ఆడేది డయాబ్లో, 1990ల్లో అమెరికాలో తయారైన ఆట. అందులో మహాదుష్టులు ముగ్గురు: ద్వేషానికి మెఫిస్టో, విధ్వంసానికి బాల్, భయానికి డయాబ్లో. వాళ్ళ కింద నలుగురు: నొప్పికి డురియెల్, వేదనకి ఆండారియెల్, అబద్ధానికి బెలియల్, పాపానికి అజ్మొడాన్. ఈ ఏడుగురూ టాతామెట్ అనే ఏడుతలల మహాసర్పం చచ్చాక దాని తలల్లోంచి పుట్టారట. ఆ సర్పం ఎక్కడిదంటే, సృష్టికి ముందు అను అనే ఒకే ఒక్క ప్రాణి తనలోని చెడునంతా బయటికి నెట్టేస్తే అది ఆ రూపం కట్టిందట. అను వెన్నెముక స్ఫటిక తోరణమై, దానిలోంచి దేవదూతలు పుట్టారట.

ఈ వర్గాలు కట్టే అలవాటు వాళ్ళకి ఇంకా పాతది. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని పాచికలతో, కాగితం మీద రాసుకుంటూ ఆడే ఆట వచ్చింది. 1977లో దానికి మాన్‌స్టర్ మాన్యువల్ అని ఒక పుస్తకం వేశారు. అందులో దుష్టుల్ని రెండు కొమ్మలుగా విడదీశారు. కట్టుబాటన్నది ఎరగని దుష్టులు అగాధంలో ఉంటారు. చట్టం పాటిస్తూనే చెడు చేసే దుష్టులు తొమ్మిది అంతస్తుల నరకంలో ఉంటారు. ఈ రెండు గుంపులకీ ఒకరంటే ఒకరికి పడదు. తర్వాత వచ్చిన కంప్యూటరు ఆటలు కొన్ని ఈ పద్ధతినే అందుకున్నాయి. ఆ పుస్తకంలో మన రాక్షసుడికీ ఒక పేజీ ఇచ్చారు. పులి తల తగిలించి, దీవించిన బాణం తగిలితే చస్తాడని రాశారు. లంకని ఏలినవాడి కులస్థుడికి ఆ పేజీలో తాత పేరు లేదు, ముత్తాత పేరు లేదు.

వాళ్ళ శ్రమని నేను తక్కువ చెయ్యను. ఒక కల్పనాలోకానికి ఇంత ఓపిగ్గా పట్టికలు కట్టినవాళ్ళని మెచ్చుకోవాలి. డయాబ్లో కథలో మనుషులు దేవదూతలకీ రాక్షసులకీ పుట్టిన సంతతి అని మనవడు చెబితే ఆ ముక్క నాకు నచ్చింది కూడా. కాని గుంపులుగా వచ్చి కత్తి కింద పడేవాళ్ళకి ఆ కథలో వాటా లేదు. వాళ్ళు చెడుకి పుట్టారు, చెడుగానే ఉన్నారు, చెడుగానే చస్తారు. అలాంటివాణ్ణి నరకడానికి చెయ్యి వెనకాడదు, మనసు అడ్డురాదు. వాళ్ళు రాక్షసుణ్ణి గుణంతో కొలిచారు. మనవాళ్ళు గోత్రంతో కొలిచారు.

మరీచి కొడుకు కశ్యపుడు. దక్షుడి కూతుళ్ళు పదముగ్గురు ఆయన భార్యలని ఎక్కువ పురాణాల లెక్క. అదితి పిల్లలు దేవతలు. దితి పిల్లలు దైత్యులు. దనువు పిల్లలు దానవులు. గరుత్మంతుడూ ఆ ఇంటివాడే, పాములూ ఆవులూ కూడా ఆ ఇంటివే. పురాణం మారితే కొందరి తల్లి పేరు మారుతుంది గాని తండ్రి మారడు. దేవదానవ యుద్ధాలన్నీ ఒక్క తండ్రి బిడ్డల మధ్య ఆస్తి తగాదాలే. గుళ్ళో అర్చన చేయించుకునేటప్పుడు గోత్రం తెలియదంటే కాశ్యప గోత్రం అని చదివేసే పూజారులున్నారు. హిరణ్యకశిపుడి గోత్రం కూడా అదే. ఈ సంగతి తెలిసినవాడు రాక్షసుణ్ణి పరాయివాడనుకోలేడు.

ఇవన్నీ నాకు పుస్తకాల్లో దొరకలేదు, హరికథ పందిట్లో దొరికాయి. తెలుగు హరికథకి పుట్టినిల్లు మన జిల్లాలే. ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టాడు. 1919లో విజయనగరంలో మహారాజు సంగీత పాఠశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. ప్రహ్లాద చరిత్ర, ధ్రువ చరిత్ర, అంబరీష చరిత్ర రాసి, తానే గజ్జెకట్టి ఆడి పాడిన మనిషి. ఆయన 1945లో పోయినా ఆ దారి పట్టిన దాసులు రాజాం, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు. శ్రీరామనవమి పందిట్లో పెట్రోమాక్సు లైటు కింద మేం చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం.

ప్రహ్లాద చరిత్ర రాత్రి ఎలా సాగేదో చెబుతాను. దాసుగారు పట్టుపంచె కట్టి, మెళ్ళో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు. హిరణ్యకశిపుడు స్తంభం దగ్గరికి వచ్చి, ఇందులో ఉన్నాడా నీ హరి అని గద ఎత్తుతాడు. ఆ గద దిగకముందే దాసుగారు చిరతలు ఆపేసేవారు. మృదంగం ఆగిపోయేది. ఒక్క నిమిషం ఉండండి నాయనా, ముందు వీడెవడో తెలుసుకుందాం అని, జనాన్నందర్నీ అక్కణ్ణుంచి వైకుంఠ ద్వారానికి తీసుకుపోయేవారు. జయవిజయులు సనకాదుల్ని అడ్డుకోవడం, శాపం తగలడం, భక్తులుగా ఏడు జన్మలా శత్రువులుగా మూడు జన్మలా అని స్వామి అడిగితే త్వరగా తిరిగి రావచ్చని వాళ్ళు శత్రుత్వమే కోరుకోవడం, వాళ్ళలో ఒకడే ఈ హిరణ్యకశిపుడై పుట్టడం, ఇదంతా తీరిగ్గా చెప్పేవారు.

తర్వాత దితి దగ్గరికి వచ్చేవారు. సంధ్యవేళ వద్దని కశ్యపుడు వారించినా ఆమె వినలేదు. ఆ సంధ్యలో కడుపున పడినవాడు హిరణ్యకశిపుడు. వాడు చచ్చిందీ సంధ్యవేళే. పగలూ కాని, రాత్రీ కాని వేళ. ఇంటా బయటా కాని గడప మీద. నేలా నింగీ కాని తొడ మీద. ఆయుధం కాని గోళ్ళతో, మనిషీ మృగమూ కాని రూపం చేతిలో. అప్పుడు దిగేది గద. వాడి భార్య లీలావతి పసుపుకుంకాల కోసం ఏడ్చే చోట పందిట్లో ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళు తుడుచుకునేవారు. రాక్షసుడి పెళ్ళాం కోసం ఏడ్చిన ఊళ్ళు మావి.

ఇంటికొచ్చాక మా మామ్మ పరీక్ష పెట్టేది. హిరణ్యకశిపుడి కొడుకెవరు? ప్రహ్లాదుడు. ప్రహ్లాదుడి కొడుకు? విరోచనుడు. విరోచనుడి కొడుకు? బలి. బలి కొడుకు? బాణుడు. ఈ నాలుగు మెట్లు ఆగకుండా ఎక్కితే చేతిలో బెల్లంముక్క పడేది. అక్షరం రాని మనిషి. వరసలో ఒక్క పేరు తప్పితే మళ్ళీ మొదట్నుంచి చెప్పించేది.

దైత్యుల తర్వాత దానవులు. వీళ్ళు చేతిపనిలో ఘటికులు. ఇంద్రప్రస్థంలో ధర్మరాజుకి సభ కట్టింది మయుడు, దానవుల శిల్పి. రావణుడి భార్య మండోదరి ఆ మయుడి కూతురే. దానవరాజు వృషపర్వుడి కూతురు శర్మిష్ఠ. ఆమెకీ యయాతికీ పుట్టినవాడు పూరువు. ఆ పూరువు వంశంలోనే పాండవులూ కౌరవులూ పుట్టారు. అంటే ధర్మరాజు ఒంట్లో దానవ రక్తం ఉంది. ఈ ఒక్క ముక్క చెబితే మనవడు ఆట ఆపి నా వైపు తిరిగాడు.

అసలు రాక్షసుల కొమ్మ వేరు. ఉత్తరకాండలో ఆ కథ ఉంది. బ్రహ్మ నీళ్ళని సృష్టించి, వాటిని కాపాడమని కొందరు ప్రాణుల్ని పుట్టించాడు. కాపాడతామన్నవాళ్ళు రాక్షసులయ్యారు. పుట్టినప్పుడు వాళ్ళ ఉద్యోగం కాపలా. ఆ వంశంలో సుమాలి కూతురు కైకసి. బ్రహ్మ కొడుకు పులస్త్యుడు, ఆయన కొడుకు విశ్రవసుడు. కైకసికీ విశ్రవసుడికీ పుట్టినవాళ్ళు రావణ కుంభకర్ణ శూర్పణఖ విభీషణులు. కుబేరుడు అదే విశ్రవసుడికి మరో భార్య బిడ్డ. ధనాధిపతి దేవుడు, లంకాధిపతి రాక్షసుడు. తండ్రి ఒకడే.

పుట్టుకతో రాక్షసులు వీళ్ళు. శాపంతో అయినవాళ్ళు ఇంకొక వర్గం. తాటక యక్షకన్య, సుకేతుడి కూతురు. మొగుణ్ణి పోగొట్టుకుని అగస్త్యుడి మీదికి వెళ్ళి శాపం తెచ్చుకుంది. విరాధుడు తుంబురుడనే గంధర్వుడు, కుబేరుడి శాపంతో అడవిలో పడ్డాడు. ఆయుధంతో చావడు గనక గోతిలో పూడిస్తే పాతరూపం వచ్చి తన లోకానికి పోయాడు. కబంధుడు కాలి బూడిదయ్యాక దివ్యరూపంలో లేచి, సీతని వెతకాలంటే సుగ్రీవుడి దగ్గరికి వెళ్ళమని రాముడికి దారి చెప్పాడు. చంపినవాడికి దారి చూపిన రాక్షసుడు వాడు. ఇప్పటి ఆటలో చచ్చినవాడు నాణెం ఇస్తాడు. మా కథలో చచ్చినవాడు సుగ్రీవుడి దగ్గరికి తోవ చెప్పాడు.

పగకి పుట్టినవాళ్ళు మరో వర్గం. వృత్రాసురుణ్ణి ఏ తల్లీ కనలేదు. కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపాడని త్వష్ట హోమం చేస్తే ఆ గుండంలోంచి లేచాడు. వాణ్ణి చంపడానికి దధీచి తన వెన్నెముక ఇచ్చాడు. అంతటివాడు యుద్ధం మధ్యలో ఆగి భక్తి గురించి మాట్లాడతాడు, చేతిలోంచి వజ్రం జారిపోయిన ఇంద్రుడికి తీసుకోమని ధైర్యం చెబుతాడు. చంపేవాడు భయపడుతున్నాడు, చచ్చేవాడు ఓదారుస్తున్నాడు. ఈ ఘట్టం విని పెరిగిన పిల్లవాడికి ఎదుటివాణ్ణి ఊరికే చెడ్డవాడనడం రాదు.

ఇవి ఎక్కడో దూరదేశపు కథలు కావు. మా శ్రీకాకుళం జిల్లాలో గార దగ్గర శ్రీకూర్మం ఉంది. అక్కడ కూర్మనాథుడి ముందు నిలబడితే పాలకడలి చిలికిన కథ గుర్తుకు రావాలి. వాసుకి తలవైపు అసురులు పట్టారు, తోకవైపు దేవతలు పట్టారు. ఒక్క పక్షమే లాగితే కవ్వం తిరగదు. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి ఉన్నాడు. ఆయన్ని పట్టే రాహువు విప్రచిత్తికీ, దితి కూతురు సింహికకీ పుట్టిన కొడుకు. సూర్యుడూ ఆ కశ్యపుడి బిడ్డే. గ్రహణంనాడు గుడి తలుపులు మూసేది చుట్టాల మధ్య నడిచిన పాత తగాదాకి.

సింహాచలం చెప్పనే అక్కర్లేదు. పూసపాటి రాజులు ధర్మకర్తలుగా ఉన్న గుడి అది, మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళకీ ఇలవేల్పు. అక్కడ స్వామి వరాహమూ నరసింహమూ కలిసిన రూపం. వరాహం హిరణ్యాక్షుణ్ణి చంపింది, నరసింహం హిరణ్యకశిపుణ్ణి చంపింది. అన్నదమ్ములిద్దర్నీ చంపిన రెండు రూపాలు ఒక్క విగ్రహంలో ఉన్నాయి. ఆ గుడి కట్టించి పూజించింది ప్రహ్లాదుడని స్థలపురాణం. చచ్చినవాడి కొడుకే చంపిన దేవుణ్ణి కొలిచాడు. అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనానికి గంటల తరబడి వరసలో నిలబడే కుర్రాళ్ళని ఈ సంగతి అడిగి చూడండి. టిక్కెట్టు ధర చెబుతారు.

దీపావళికి మా ఊళ్ళలో గోగుపుల్లలకి నూనెగుడ్డలు చుట్టి పిల్లల చేత దివిటీలు కొట్టిస్తాం. నరకుడు చచ్చాడని పండగ. ఆ నరకుడెవరు? వరాహమూర్తికీ భూదేవికీ పుట్టిన కొడుకు. సాక్షాత్తు విష్ణువు బిడ్డ. సత్యభామ విల్లు పట్టి వాడి మీద యుద్ధం చేసింది. ఆమె భూదేవి అంశ అంటారు పెద్దలు. వాడు పడ్డాక భూదేవి వచ్చి, కొడుకు ఎత్తుకొచ్చిన అదితి కుండలాలు కృష్ణుడికి తిరిగిచ్చి, తన మనవడు భగదత్తుణ్ణి మాత్రం కాపాడమని దణ్ణం పెట్టింది. ఆ భగదత్తుడే కురుక్షేత్రంలో ఏనుగెక్కి అర్జునుడి మీదికి వచ్చాడు. దివిటీ వెలిగించే ముందు మామ్మ ఇదంతా చెప్పేది. ఇప్పుడు దివిటీ అయిన మరుక్షణం వెయ్యివాలా పేలుతుంది, కథకి చోటు లేదు.

పురాణాల్లో ఎక్కని చిన్న దయ్యాలకి కూడా మా పల్లెల్లో వరస ఉండేది. చదువు ఉండి పంచని పండితుడు చచ్చి బ్రహ్మరాక్షసి అవుతాడు. పొలాల మధ్య రాత్రి వెలిగి ఆరే మంట కొరివిదయ్యం. కోరిక తీరక పోయినవాళ్ళు ఆ కోరిక ఉన్నచోటే తిరుగుతారు. ప్రతిదానికీ ఒక కారణం, దాని వెనక ఒక మనిషి. అయితే ఇదే ఊళ్ళలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో బతికున్న మనుషుల్ని కొట్టారు, చంపారు. అది పాపం. కథలో దయ్యానికి పుట్టుక అడిగిన ఊరు, పక్కింటి ముసలమ్మని మాత్రం ఏమీ అడగకుండా దయ్యమని తేల్చింది. అడగడం మానేస్తే ఏమవుతుందో చూపడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ అడగడం అనే పనిని అందరికన్నా బాగా చేసినవాళ్ళు మా కొండల మీది సవరలు. సీతంపేట, భామిని వైపు నుంచి ఒడిశాలోకి వాళ్ళ ఊళ్ళు పరుచుకుని ఉంటాయి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ వాళ్ళ భాష నేర్చుకుని, బడి పుస్తకాలు రాసి, నిఘంటువు కట్టాడు. తర్వాత 1970ల్లో పియర్స్ వైటెబ్స్కీ అనే ఇంగ్లీషాయన ఒడిశా వైపు సవరల మధ్య ఉండి, 1993లో పుస్తకం వేశాడు. సవరల లెక్కలో చనిపోయినవాళ్ళు సోనుమ్‌లవుతారు. వాళ్ళ వర్గం పోయిన తీరును బట్టి ఉంటుంది. హత్యకో ప్రమాదానికో బలైనవాళ్ళు సూర్యుడి వర్గం, చిరుతపులి నోట పడినవాళ్ళు చిరుత వర్గం. జబ్బు చేస్తే ఏ సోనుమ్ పట్టిందో తెలుసుకునేవారు. పూనకం వచ్చిన కుడాన్, అంటే వాళ్ళ పూజారి, నోట పోయినవాళ్ళే మాట్లాడేవారు. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని, ఎందుకొచ్చావు, ఏం కావాలి, మా మీద ఎందుకు కోపం అని అడిగేవారు, ఏడ్చేవారు, వాదించేవారు, బతిమాలేవారు. కాలం గడిచేకొద్దీ ఆ సోనుమ్ శాంతించి పితృదేవతల్లో కలిసేది. పట్టి పీడించేవాడు కాపాడేవాడిగా మారడానికి వాళ్ళు మాటతో దారి వేశారు.

ఇప్పుడేం జరుగుతోందో చూడండి. ఒక ఊరి నవమి పందిట్లో మొన్నటి ఏడు హరికథ లేదు. డీజే పెట్టెలు తెచ్చారు, గోడలు అదిరాయి, రాముడి పేరు ఒక్కసారి వినపడలేదు. దాసుగారికి ఇవ్వడానికి డబ్బుల్లేవన్న కమిటీ ఆ పెట్టెలకి అంతకు ఎన్నో రెట్లు ఇచ్చింది. విజయనగరం సంగీత కళాశాల ఇప్పటికీ ఉంది, నేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. నేర్చుకున్నదాన్ని పాడమని పిలిచే ఊరే తగ్గిపోయింది. టీవీలో పురాణాలు వస్తున్నాయి, వాటిలో రాక్షసుడు కళ్ళెర్రజేసి నవ్వడానికే వస్తాడు. మా కాలపు సినిమా అలా చెయ్యలేదు. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడైనా, 1967 నాటి భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడైనా ఎస్వీ రంగారావుకే ఇచ్చారు. రాక్షస వేషానికి మహానటుణ్ణి పెట్టడం ఆ పాత్ర మీద గౌరవం.

మనవాళ్ళూ ఆటలు చేస్తున్నారని మనవడు చూపించాడు. హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అని ఆట తెచ్చింది. పూణేలో నాడింగ్ హెడ్స్ వాళ్ళు 2020లో రాజీ తెచ్చారు, అందులో ఒక పిల్ల తమ్ముణ్ణి వెతుక్కుంటూ మహాబలాసురుడి మీదికి వెళుతుంది. చూసి సంతోషించాను. చెయ్యి తిరిగిన కుర్రాళ్ళు మనకీ ఉన్నారన్నమాట. జపాన్‌వాళ్ళ సంగతి విని మాత్రం నాకు కడుపు రగిలింది. 1987లోనే వాళ్ళు మెగామి టెన్సెయ్ అనే ఆట చేశారు. తర్వాత దాని పేరుతో ఎన్నో వచ్చాయి. ప్రపంచంలోని పురాణాలన్నీ వెతికి దయ్యాల్ని తెచ్చి పెట్టారు, మన రాక్షసుడు సహా. ఆ ఆటలో దయ్యం ఎదురైతే కొట్టవచ్చు, లేదా మాట్లాడవచ్చు. అడిగినదానికి సరిగ్గా జవాబిస్తే వాడు మన పక్షాన చేరతాడు. రాక్షసుడితో మాట్లాడే విద్య మా కొండల మీద ఉండేది, మా భాగవతంలో ఉంది, మా హరికథలో ఉంది. దాన్ని ఆటలో పెట్టాలని తోచింది మాత్రం టోక్యోలో కూర్చున్నవాడికి.

మనవడికి ఆ రాత్రే చెప్పాను. నిప్పుతో చావడు, మంచుతో చస్తాడన్నది ఏం చిక్కురా? లోపలా బయటా, పగలూ రాత్రీ, నేలా నింగీ, మనిషీ మృగమూ, ఏదీ చెల్లని వరం ఉన్నవాణ్ణి ఎలా చంపాలో కనుక్కోవడం కన్నా పెద్ద చిక్కుముడి ఏ ఆటలో ఉంది? దేవతలు, దానవులు, యక్షులు, నాగులు అందరి చేతా చావు వద్దని అడిగి, మనుషుల్ని లెక్కలోకి తీసుకోని రావణుడి వరం కన్నా మంచి మలుపు ఎవడు రాశాడు? ఓడిపోయిన బలిని సుతలానికి పంపి, విష్ణువే వాకిట కాపలా నిలబడి, రాబోయే మన్వంతరంలో ఇంద్రపదవి వాడికే రాసిపెట్టిన కథలో ఆట ముగిసిందని ఎవడనగలడు? వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తెచ్చుకుని కశ్యపుడి ఇంటి వంశవృక్షం గీయడం మొదలుపెట్టాడు. దనువు కొమ్మ దగ్గరికి వచ్చేసరికి నన్ను నిలదీసి అడగడం మొదలైంది. పురాణానికీ పురాణానికీ తేడా వచ్చినచోట ఏది పట్టుకోవాలని వాదించాడు. మా కాలంలో పందిట్లో పండితులు వాదించుకున్నది కూడా దీని గురించే. కుర్రాళ్ళకి బుద్ధి లేక కాదు, ఆకలి లేక కాదు. వడ్డించేవాళ్ళు లేక.

కనక నేను అడిగేది మూడే. ఊరికో ఉత్సవ కమిటీ ఉంది. నవమికో దసరాకో ఒక్క రాత్రి డీజే ఆపి దాసుగారిని పిలవండి, పిలిచి కథ పూర్తిగా చెప్పనివ్వండి. ఆటలు చేసే కుర్రాళ్ళారా, రాక్షసుడి నెత్తి మీద ఎర్రగీత గీసే ముందు వాడి తల్లి పేరు రాయండి, ఒక్కసారి నోరు విప్పే అవకాశం ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లవాడు ఫోను పట్టుకుంటే కసరడం కాదు, పక్కన కూర్చుని వాడు చంపుతున్నవాడెవడో అడగండి. వాడికి తెలియకపోతే మీరు చెప్పండి. ఎదుటివాడి పుట్టుక అడిగే అలవాటు రాక్షసుల దగ్గర నేర్చుకున్నవాడు మనుషుల దగ్గర దాన్ని వదలడు. ఆ అలవాటు పోయిన ఊళ్ళో ఎవణ్ణయినా రాక్షసుడనడం తేలికైపోతుంది.